మూడు పేజీల చావు

మా అత్తయ్య ఆ ఏడాది ఎన్నిసార్లు చనిపోయిందో ఆ లెక్క నా నోటుపుస్తకంలో ఉంది. వంటింట్లో పందొమ్మిదిసార్లు, కెమెరా ముందు రెండుసార్లు. వంటింట్లో చనిపోయినప్పుడు టైము చూసింది నేనే.

అంతకు ముందు ఏడాది మా ఊరి బడిలో పదో తరగతి పూర్తి చేసి, టైపు నేర్చుకోవడానికి పట్నంలో మావయ్య ఇంటికి వచ్చి అప్పటికి నాలుగు నెలలు. మావయ్య మా అమ్మకి అన్న. కాలేజీలో సాహిత్యం చెప్పేవాడు. ఇరవయ్యొక్క ఏళ్ళుగా ఒకే నవల పాఠం. ఇంట్లో దాన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళం కాదు, 'పుస్తకం' అంటే చాలు. మిగతావాటికే పేర్లు కావలసి వచ్చేవి.

అది రాసినాయన మా తాతలు పుట్టకముందే పోయాడు. కథ పెద్దదేం కాదు. రేవులో పడవల లెక్క రాసుకునే ఒక గుమాస్తా, అతని భార్య. ఆవిడ బతికున్నంత కాలం ఆవిడ మొహం ఎలా ఉంటుందో రచయిత చెప్పడు. పొయ్యి దగ్గర, బావి దగ్గర, గుమ్మం దగ్గర ఎప్పుడూ వీపే. ఆవిడ చనిపోయిన రోజున గుమాస్తా మంచం పక్కన నిలబడి మొదటిసారి ఆ మొహాన్ని రెప్ప వెయ్యకుండా చూస్తాడు. ఆ చూడటం మూడు పేజీలు. క్లాసులో ఆ మూడు పేజీలు చదివేటప్పుడు మావయ్య గొంతు ఏటా ఒకే వాక్యం దగ్గర వణికేదట. పిల్లలు ఆ వాక్యం ఎప్పుడొస్తుందా అని కాచుకుని కూర్చునేవారట.

ఆ వేసవి సెలవుల్లో ఒక చిన్న టీవీ కంపెనీ ఆ నవలని సినిమాగా తీసే పని మావయ్యకి అప్పగించింది. కంపెనీ మేనేజరు ఒకప్పుడు మావయ్య దగ్గర చదువుకున్నవాడే. మావయ్య ఒక్కటే షరతు పెట్టాడు. ఒక్క అక్షరం మార్చకూడదు.

"మీ ఇష్టం మాస్టారూ. అక్షరాల జోలికి మేం రాం" అన్నాడు మేనేజరు.

నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయని, నేను తక్కువ మాట్లాడతానని, మావయ్య నాకూ ఓ పని ఇచ్చాడు. పుస్తకం ఒళ్ళో పెట్టుకుని ప్రతి వాక్యం కెమెరా ముందు జరిగిందో లేదో చూసి టిక్కు పెట్టాలి. తేడా కనిపిస్తే నోటుపుస్తకంలో రాయాలి. ఒకరోజు సాయంత్రం ఆ టిక్కులు చూసి, "నీకు కళ్ళున్నాయే అమ్మాయ్" అన్నాడు. మావయ్య నోట్లోంచి మెచ్చుకోలు రావడం అరుదు. ఆ మాట కోసం ఇంకో నెల రోజులు ఎండలో నిలబడ్డాను.

మొదటి చిక్కు బావి దగ్గర వచ్చింది. పుస్తకంలో మూడో అధ్యాయంలో బావి ఇంటికి తూర్పున ఉంటుంది. పందొమ్మిదో అధ్యాయంలో పడమటి వైపు ఉంటుంది. రాసినాయన మర్చిపోయి ఉంటాడు. మావయ్యకి ఆ సంగతి ఇరవయ్యేళ్ళుగా తెలుసు.

వడ్రంగి చెక్కతో బావి చేసి సిమెంటు రంగు వేసి తూర్పున పెట్టాడు. రెండు వారాల తర్వాత నలుగురూ కలిసి దాన్ని ఎత్తి పడమటికి మోసుకెళ్ళారు.

"సార్, బావి నడుస్తుందాండీ?" అన్నాడు కెమెరామన్.

"ఆయన అలా రాశాడు."

"పొరపాటున రాసుంటారు సార్."

"ఆయన పొరపాటు దిద్దేటంత వాడివా నువ్వు? నీకు అప్పజెప్పింది కెమెరా. కథ కాదు."

కెమెరామన్ ఆ రోజు నుంచి ఏది కనిపించినా చెప్పడం మానేశాడు. నది అవతల సెల్‌ఫోను టవరు కనిపించినా దానితో సహా షాటు తీసేశాడు. "నాది కెమెరాయే కదమ్మా" అని నాతో అనేవాడు.

గుమాస్తా వేషం మా వీధి చివర మందులషాపాయనది. కుర్రతనంలో నాటకాలు ఆడాడు. మంచి మనిషి. జిగురు పట్టక మీసం ఒక పక్కకి జారుతుంటే నాలుకతో సర్దుకునేవాడు. భార్య వేషానికి పెద్ద ఊరి నుంచి ఒక రంగస్థలం ఆవిడని పిలిపించారు. పొడుగ్గా, నిండుగా ఉండేది. ముప్ఫై రోజులు పాపం కెమెరాకి వీపు చూపిస్తూనే పని చేసింది. చావు సీను రోజు వచ్చింది.

మావయ్య లెక్క ప్రకారం ఆ మూడు పేజీలు పైకి చదివితే నాలుగు నిమిషాలు. గుమాస్తా రెప్ప వెయ్యకుండా చూశాడని రాసి ఉంది కాబట్టి కెమెరా కూడా రెప్ప వెయ్యకూడదు. నాలుగు నిమిషాలు ఒకటే షాటు. మంచం మీద శవం, పక్కన గుమాస్తా, వెనక మావయ్య గొంతు. ఆ గొంతు అప్పటికప్పుడే రికార్డవ్వాలి.

"నాలుగు నిమిషాలు ఊపిరి బిగపట్టాలా?" అందావిడ.

"నెమ్మదిగా తీసుకోండి. కనబడకుండా."

"కనబడకుండా ఊపిరి తీసే విద్య నాకు రాదు మాస్టారూ. బతికున్నంత కాలం ఒక్క డైలాగు లేదు, మొహం లేదు. చచ్చాక నాలుగు నిమిషాలా?"

రెండుసార్లు పడుకుంది. మొదటిసారి తుమ్మింది. రెండోసారి నిజంగానే నిద్రపట్టి గురక పెట్టింది. మందులషాపాయన నవ్వు ఆపుకోలేకపోయాడు. మావయ్య పుస్తకం మూసి, "చావడం కూడా చేతకాని వాళ్ళని తెచ్చి నా నెత్తిన పెట్టారు" అన్నాడు. ఆవిడ ఆ సాయంత్రం బస్సుకే వెళ్ళిపోయింది.

భోజనాల దగ్గర అత్తయ్య గిన్నె మీద మూత పెడుతూ అంది. "నేను పడుకుంటానండీ."

మావయ్య తలెత్తలేదు. "ఎక్కడ?"

"మంచం మీద. శవంగా."

అత్తయ్య పెద్దాసుపత్రిలో దుప్పట్ల గదిలో పని చేసేది. ఉతికి వచ్చినవి లెక్కపెట్టి, మడతపెట్టి, వార్డులకి ఇవ్వడం. సన్నగా, పొట్టిగా ఉండేది. పెళ్ళై పద్దెనిమిదేళ్ళు. పిల్లలు లేరు. మావయ్య ఆవిడని 'ఇదిగో' అని పిలిచేవాడు.

"నేను రోజూ చూసేవాళ్ళే కదండీ. ఎలా ఉంటారో నాకు తెలుసు. నోరు గట్టిగా మూసుకుని ఉండరు, కొంచెం తెరుచుకుంటుంది. చేతివేళ్ళు లోపలికి ముడుచుకుంటాయి."

మావయ్య అప్పుడు తల ఎత్తాడు. ఆవిడ వైపు కాదు, నా వైపు. "అమ్మాయ్, ఆవిడ మొహం ఎలా ఉంటుందని రాశాడు?"

నాకు కంఠతా వచ్చు. "అలసిన మొహం. అందంగా లేదు. కానీ ఎవరి కోసమో ఎదురుచూస్తున్నట్టు ఉంది."

"సరిపోతుంది" అన్నాడు మావయ్య.

మర్నాటి నుంచి వంటింట్లో సాధన మొదలైంది. కంపెనీవాళ్ళు వారం గడువిచ్చారు. ఆసుపత్రి నుంచి రాగానే అత్తయ్య నేల మీద చాప పరుచుకుని పడుకునేది. నేను గోడ గడియారం కింద పీట వేసుకుని కూర్చునేదాన్ని. మొదటిరోజు ఇరవైరెండు సెకన్లు. కళ్ళలో నీళ్ళతో లేచి కూర్చుని నవ్వింది.

"ఇంతేనటే నా ఊపిరి?"

"ఇంకోసారి చేద్దాం అత్తయ్యా."

"నువ్వు నా వైపు చూడకు. నవ్వొస్తుంది."

నాలుగోరోజుకి యాభై సెకన్లు. ఆరోరోజుకి నిమిషం పది. తర్వాత ముక్కుతో కాకుండా, కొంచెం తెరిచిన నోటితో, పలచగా, పొట్ట కదలకుండా తీసుకోవడం కనిపెట్టింది. దుప్పటి కాస్త వదులుగా కప్పితే తెలియదని కూడా తనే కనిపెట్టింది. బట్ట ఎలా పడితే కింద ఏముందో తెలుస్తుందో, ఎలా పడితే తెలియదో ఆవిడకి తెలిసినంత ఎవరికి తెలుస్తుంది?

"ఇంత కష్టం ఎందుకు అత్తయ్యా?" అన్నాను ఒకరోజు. "ఫొటో తీసి పెడదామని కెమెరామన్ గారు అంటున్నారు."

అత్తయ్య చాప మీద వెల్లకిలా పడుకుని ఉంది. కళ్ళు మూసుకునే మాట్లాడింది. "మీ మావయ్య నాలుగు నిమిషాలు నన్నే చూస్తారు కదే. కొత్తలో కూడా అంతసేపు చూళ్ళేదు." అని తనే సిగ్గుపడి, "టైము చూడు, టైము చూడు" అంది.

షూటింగు రోజు పొద్దున ఇంకో చిక్కు వచ్చింది. రెండో పేజీ మధ్యలో ఒక వాక్యం ఉంది. గుమాస్తా చేతులు రెండూ వెనక్కి కట్టుకుని నిలబడి, చెంపల మీది నీళ్ళు తుడుచుకున్నాడు.

మందులషాపాయన ఆ వాక్యం రెండుసార్లు చదువుకున్నాడు. "సార్, నాకు రెండే చేతులండి."

"తెలుసు."

"రెండూ వెనక ఉంటే తుడిచేదెవరండి?"

"ముందు కట్టుకున్నాడనో, ఒక చెయ్యి తీశాడనో ఆయన రాయలేదు" అన్నాడు మావయ్య. "రాయనిది మనం చెయ్యం. రాసింది వదలం."

చివరికి కుట్టుపనామెతో గుమాస్తా చొక్కా గుడ్డతోనే ఒక విడి చొక్కా చెయ్యి కుట్టించాడు. దాన్ని ఎవరు తొడుక్కున్నా సరైన మాట దగ్గర చెయ్యి లేవదని, చివరికి తనే తొడుక్కున్నాడు. మందులషాపాయన పక్కన, కెమెరాకి అందకుండా, నేల మీద మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఎడమ చేతిలో పుస్తకం. కుడి చేతికి ఆ చొక్కా చెయ్యి. చదువుతూ ఉంటాడు, ఆ వాక్యం రాగానే చెయ్యి పైకి లేపి చెంప తుడుస్తాడు.

అత్తయ్య అప్పటికే మంచం మీద దుప్పటి కింద ఉంది. మొహానికి బూడిద రంగు పౌడరు. కళ్ళు మూసుకునే ముందు మావయ్య కోసం ఒకసారి వెతికింది. ఆయన మంచం కోడు అవతల కూర్చుని ఉన్నాడు. కనిపించలేదు.

"స్టార్ట్" అన్నాడు మావయ్య, పేజీ తిప్పి.

నేను పుస్తకం చూడాలి. కానీ ఆ మూడు పేజీలు నాకు నోటికి వచ్చు. అందుకని అత్తయ్యని చూశాను. మొదటి నిమిషం రాయిలా ఉంది. తర్వాత దుప్పటి అంచు ఒకసారి లేచి పడింది. నేను నోటుపుస్తకంలో ఒక గీత గీశాను. కాసేపటికి ఇంకొకటి. రెండో పేజీ మధ్యలో నేల మీద నుంచి మూడో చెయ్యి లేచింది. చెంప అనుకుని మావయ్య ముక్కు కింద తుడిచాడు. మీసం ఎడమ చెంప మీదకి వెళ్ళింది. మందులషాపాయన కదల్లేదు. ఆ క్షణాన మంచం మీద అత్తయ్యకి ఏమైందో, ఉలిక్కిపడిందో, పెద్ద ఊపిరి ఒకటి తీసింది. దుప్పటి తెరచాపలా ఉబ్బింది. కెమెరామన్ కెమెరా వెనక నుంచి నా వైపు చూసి కనుబొమ్మలు ఎగరేశాడు. నేను తల దించుకుని గీత గీశాను. మొత్తం పదకొండు గీతలు.

మావయ్య చివరి వాక్యం చదివి, పుస్తకం మూసి, లేచి నిలబడ్డాడు. మోకాళ్ళు పట్టేశాయి. కళ్ళు తడిగా ఉన్నాయి. "అమ్మాయ్! ఏమైనా తేడా ఉందా?"

అత్తయ్య దుప్పటి తోసి లేచి కూర్చుంది. పెదాలు నీలంగా ఉన్నాయి. మావయ్య వైపు కాదు, నా వైపే చూసింది, పరీక్ష రాసి వచ్చిన పిల్ల చూసినట్టు.

"లేదు మావయ్యా" అన్నాను. "అక్షరం తప్పలేదు."

ఆ సాయంత్రం అత్తయ్య నా జడ విప్పి మళ్ళీ అల్లుతూ అడిగింది. "నిజం చెప్పు. నేను కదల్లేదు కదూ?"

"రాయిలా ఉన్నారు."

"ఒకసారి ఊపిరందలేదే. గట్టిగా తీశాను."

"నాకేం కనిపించలేదు అత్తయ్యా."

ఆవిడ నా తల మీద చెయ్యి పెట్టి, మళ్ళీ జడ అల్లసాగింది.

సినిమా సిద్ధమయ్యేసరికి సెలవులు అయిపోయాయి. టీవీలో రాకముందు ఒకసారి కాలేజీ హాల్లో వేస్తామన్నారు. అత్తయ్య ఆసుపత్రిలో అందరినీ పిలిచింది. ఆయాలని, నర్సులని, బట్టలు ఉతికేవాళ్ళని, వార్డు బాయ్‌ల పెళ్ళాలని. నలభై మంది దాకా వచ్చారు. "మా దుప్పట్ల అక్క చచ్చిపోతుందంట, చూద్దాం పదండి" అని నవ్వుకుంటూ వచ్చి మా వెనక మూడు వరుసలు నిండా కూర్చున్నారు. వాళ్ళ వెనక మావయ్య విద్యార్థులు. మావయ్య మొదటి వరుసలో, మేనేజరు పక్కన.

మొదటి గంట ఎవరూ నవ్వలేదు. బావి పడమటికి వచ్చినప్పుడు వెనక ఎవరో, "ఒరేయ్, బావి ఇల్లు మారిందిరోయ్" అన్నారు. కొంతమంది నవ్వారు. మావయ్య వెనక్కి తిరిగి చూశాడు. తర్వాత టవరు కనిపించింది. తర్వాత చావు సీను. మంచం మీద అత్తయ్య.

అప్పటిదాకా తెర మీద తిరిగిన వీపు ఎంత వెడల్పో, మంచం మీది మనిషి ఎంత సన్నమో అందరికీ ఒకేసారి కనిపించింది.

"చచ్చాక చిక్కిపోయింది పాపం" అంది ఒక ఆయా. హాలంతా నవ్వింది. అత్తయ్య కూడా నవ్వింది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని.

మూడో చెయ్యి లేచింది. నేను కూడా నవ్వాను. అది దాచను. ఆ చెయ్యి ముక్కు కింద తుడవడం, మీసం వెళ్ళి చెంపకి అతుక్కోవడం, అది అతుక్కున్నా మందులషాపాయన అంత దుఃఖంగా నిలబడటం. తీస్తున్నప్పుడు రాని నవ్వు అప్పుడు వచ్చింది. కడుపు పట్టుకుని నవ్వాను. ఆ నవ్వులోనే దుప్పటి ఉబ్బింది.

"బతికే ఉందిరోయ్!" అని ఎవరో అరిచారు.

అప్పుడు లెక్క మొదలుపెట్టారు. ముందు కుర్రాళ్ళు, తర్వాత అందరూ. దుప్పటి లేచినప్పుడల్లా ఒక అంకె. "ఏడూ..." అని సాగదీసి, మళ్ళీ లేచేదాకా కాచుకుని, "ఎనిమిదీ!" తెర మీద మావయ్య గొంతు ఆ ప్రసిద్ధమైన వాక్యం దగ్గర వణికింది. ఎవరికీ వినపడలేదు. ఆయాలు కూడా లెక్కపెడుతున్నారు. బట్టలుతికే ఒకావిడ కళ్ళు తుడుచుకుంటూ, "తియ్యక్కా, ఇంకొకటి తియ్యి" అంటోంది. నలభై మందీ అత్తయ్య మీద ప్రేమతో వచ్చినవాళ్ళే. అందుకే ఇంకా గట్టిగా నవ్వారు.

అత్తయ్య నా వైపు తిరిగింది. నా మొహం మీద నవ్వు ఇంకా ఉంది. తీసెయ్యడానికి నాకు టైము సరిపోలేదు.

ఇంటికి నడిచే వచ్చాం. మావయ్య ముందు, మేమిద్దరం వెనక. లోపలికి రాగానే ఆయన చెప్పులు కూడా విప్పకుండా, "ఆ నోటుపుస్తకం తే" అన్నాడు.

తెచ్చి ఇచ్చాను. పేజీలు తిప్పి ఒకచోట ఆగాడు. వేలుతో గీతలు లెక్కపెట్టాడు. "పదకొండు" అన్నాడు. తర్వాత ఆ పేజీని అత్తయ్య మొహం ముందు పెట్టాడు. "చూడు. చిన్నపిల్ల కూడా చూసి రాసింది. పదకొండుసార్లు. నాలుగంటే నాలుగు నిమిషాలు నిన్ను అడిగాను. నా ఇరవయ్యొక్క ఏళ్ళు నాలుగు నిమిషాల్లో పోగొట్టావు."

అత్తయ్య ఆ గీతలు చూసింది. తర్వాత నన్ను చూసింది. "నీకు అప్పుడే తెలుసా?"

నేను ఆ గీతల వైపే చూశాను.

"మరి... నేను అందరినీ పిలుస్తుంటే పక్కనే ఉన్నావు కదే. చెప్పలేదేం?"

"మీరు బాధపడతారని అత్తయ్యా."

ఆవిడ తల ఊపింది. ఆ మాటకి అర్థం ఉన్నట్టు, కానీ ఇప్పుడు పనికిరానట్టు. మావయ్య వైపు తిరిగింది. "మరి మీరు చూస్తూనే ఉన్నారు కదండీ. ఆపి ఉండొచ్చు కదా? మళ్ళీ పడుకునేదాన్ని."

"నేనెక్కడ చూశాను? చదువుతున్నాను."

"నాలుగు నిమిషాలూనా?"

"మరి? చెయ్యి ఎప్పుడు లేపాలో చూసుకోవద్దూ? పేజీ మీంచి కళ్ళు తీస్తే ఎలా?"

"ఒక్కసారి కూడా..." అని ఆగింది. తర్వాత వంటింట్లోకి వెళ్ళి, ఉదయం నుంచి నానబెట్టిన గిన్నెలు తోమడం మొదలుపెట్టింది.

ఆ తర్వాత రెండు వారాలు ఇంట్లో మావయ్య అత్తయ్యతో నేరుగా మాట్లాడలేదు. నాతో చెప్పించేవాడు. "మీ అత్తయ్యకి ఊపిరి ఆడుతోందేమో అడుగు. ఆడితే టీ పెట్టమను." సంచులు మోసుకుని మెట్లెక్కి ఆవిడ గుమ్మంలో ఆయాసపడుతుంటే పత్రిక వెనక నుంచి, "తీసుకోమను, తీసుకోమను. ఇక్కడ కెమెరా లేదు, కావలసినంత తీసుకోమను" అనేవాడు. నేను ఆ మాటలు అందించేదాన్ని కాదు. అందించాల్సిన పని లేదు. గది చిన్నది.

వీధిలో కుర్రాళ్ళు అత్తయ్యని చూస్తే అరుగుల మీద వెల్లకిలా పడి పొట్టలు ఎగరేసేవారు. ఆసుపత్రిలో మూడో వార్డు రోగులు, దుప్పట్లు తెచ్చినప్పుడల్లా, "అక్కా, ఇవ్వాళ ఎన్ని?" అనేవారట. కాలేజీలో మావయ్య పుస్తకం తెరిస్తే వెనక బెంచీ నుంచి "ఒకటీ" అని వినిపించేదట. ఆ సంగతి మావయ్య మాకు చెప్పలేదు. మందులషాపాయన చెప్పాడు, మీసం గురించి తనని ఎవరైనా అడిగితే ముందు అది చెప్పి తప్పించుకునేవాడు.

మేనేజరు ఫోను చేసి టీవీలో వేసే తేదీ చెప్పాడు. మావయ్య బతిమాలాడు. ఆ ఒక్క షాటు మళ్ళీ తీసుకుంటానన్నాడు. ఒక పూట ఇచ్చారు.

ఆ రోజు మావయ్య వంటింటి గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాడు. "ఇదిగో. మళ్ళీ పడుకోవాలి."

అత్తయ్య చేతులు తుడుచుకుంది. "పడుకుంటాను. కానీ ఆ చెయ్యి పని లైట్లబ్బాయికి ఇవ్వండి. చదవడం ఇది చదువుతుంది, దీనికి నోటికి వచ్చు. మీరు నా ఎదురుగా నిలబడి నన్ను చూడండి. ఊపిరి కనిపిస్తే ఆపెయ్యండి."

మావయ్యకి అందులో తప్పేమీ కనిపించలేదు. "సరే. కానీ అమ్మాయ్, నోటికి వచ్చని గాలిలో చూస్తూ చదవకు. ఒక్క మాట మారినా ఊరుకోను. కళ్ళు పేజీ మీదే ఉండాలి."

అలాగే కూర్చున్నాను. అదే గది, అదే మంచం. మావయ్య మంచం కాళ్ళ వైపు, కెమెరా పక్కన నిలబడ్డాడు. అత్తయ్య పడుకుంది. నేను చదవడం మొదలుపెట్టాను.

నాకు భయంగా ఉంది. ఒక్క మాట కూడా తప్పకూడదని వేలు వాక్యం కింద పెట్టుకుని చదివాను. మొదటి పేజీ సగంలో లైట్లబ్బాయి చిన్నగా ఏదో అన్నాడు. తర్వాత ఎవరూ ఏమీ అనలేదు. గదిలో నా గొంతు తప్ప ఏం లేదు. రెండో పేజీలో ఆ చేతుల వాక్యం వచ్చింది. ఎవరూ కదిలిన చప్పుడు కాలేదు. ఎవరైనా ఆపమంటారేమో అనుకున్నాను. ఎవరూ అనలేదు. మూడో పేజీ కూడా చదివాను. చివరి మాట దాకా చదివి తల ఎత్తాను.

అత్తయ్య అప్పటికే మంచం దిగి దుప్పటి మడతపెడుతోంది, ఆసుపత్రిలో పెట్టే మడత. మావయ్య గోడ వైపు తిరిగి ఉన్నాడు. కెమెరామన్ చేతులు కట్టుకుని కూర్చున్నాడు. కెమెరా ఆగిపోయి ఉంది.

నేను చూడాల్సిన ఆ నాలుగు నిమిషాలు నేను చూడలేదు. తర్వాత కెమెరామన్ చెప్పాడు.

"ఆవిడ కళ్ళు తెరిచిందమ్మా. నువ్వు రెండు ముక్కలు చదివావో లేదో, తెరిచి ఆయన్ని చూసింది. ఏడవలేదు, ఏం లేదు. ఊరికే చూసింది. కట్ చెప్తాడేమో అనుకున్నాను. చెప్పడే! కాసేపు ఈయనా చూశాడు. తర్వాత తల దించేశాడు. తర్వాత అటు తిరిగిపోయాడు. ఆవిడ మాత్రం నువ్వు చదువుతున్నంతసేపూ ఆ వీపు వంకే చూస్తూ ఉంది. నేనే ఆపేశాను. నాది కెమెరాయే కానీ, అది తియ్యాలనిపించలేదు."

అత్తయ్య అక్కడి నుంచి ఇంటికి రాలేదు. ఆసుపత్రి వెనక పనివాళ్ళ గదుల్లో ఒకటి ఖాళీగా ఉంటే అందులోకి వెళ్ళింది. మూడోరోజు మావయ్య కాలేజీలో ఉన్నప్పుడు వచ్చి బట్టలు సంచిలో పెట్టుకుంది. నేను గుమ్మంలో నిలబడి, "నన్నూ తీసుకెళ్ళండి అత్తయ్యా" అన్నాను.

"నువ్వెందుకే? నీకు వంట వచ్చుగా."

అంతే అంది. కోపంగా కూడా అనలేదు. టైపు క్లాసుకి వెళ్ళడం నేను ఆ వారంలోనే మానేశాను. పొద్దున వంట, మధ్యాహ్నం బట్టలు, సాయంత్రం మళ్ళీ వంట. మావయ్య నన్ను కూడా 'ఇదిగో' అనడం మొదలుపెట్టాడు. తను గమనించాడో లేదో తెలియదు.

రెండోసారి తీసింది పనికిరాదు కాబట్టి కంపెనీవాళ్ళు మొదటిదే వేశారు. జనం అడిగారని మరుసటి వారం మళ్ళీ వేశారు, ఈసారి అందరూ భోజనం చేసే వేళకి. పై ఇంట్లోంచి, పక్కింట్లోంచి, ఎదురింట్లోంచి లెక్క వినిపించింది. మావయ్య మా టీవీ పెట్టలేదు. అవసరం లేకపోయింది.

మర్నాడు కుట్టుపనామె నాతో చెప్పింది. ఆసుపత్రి గదుల దగ్గర ఆయాలందరూ ఒకచోట చేరి చూశారట. మా అత్తయ్యని మధ్యలో కుర్చీ వేసి కూర్చోబెట్టారట. ఆవిడ ఏం చేసిందో కూడా చెప్పింది.

ఈ సంగతి మావయ్యకి కూడా ఎక్కడో చెవిన పడినట్టుంది. సాయంత్రం కంచం ముందు కూర్చుని, చాలాసేపు అన్నం కలుపుతూనే ఉండి, అడిగాడు.

"మీ అత్తయ్య చూసిందట కదా."

"చూశారట మావయ్యా."

"ఏమంది?"

ఏమీ అనలేదట అని చెప్పొచ్చు. లేచి వెళ్ళిపోయారట అని చెప్పినా ఆయన నమ్ముతాడు. ఏడ్చారట అంటే ఇంకా బాగా నమ్ముతాడు. ఆ మూడూ నా నోటిదాకా వచ్చాయి.

"నవ్వారట" అన్నాను. "అందరికంటే ముందు లెక్కపెట్టడం మొదలుపెట్టింది ఆవిడేనట. కుర్చీలోంచి పడిపోయేంత నవ్వారట. మళ్ళీ ఎప్పుడు వేస్తారో కనుక్కోమన్నారట."

మావయ్య చెయ్యి కంచంలో ఆగింది. తర్వాత మళ్ళీ కదిలింది. ఒక్క ముద్ద కూడా వదలకుండా తిన్నాడు. నేను ఎదురుగా కూర్చుని, ఆయన తినడం పూర్తయ్యేదాకా చూశాను.